పట్టణ ఆస్తి పన్ను – రేట్ల నిర్ణయం, మినహాయింపులు: విజయనగరం, శ్రీకాకుళం నగరపాలక సంస్థల పరిశీలన

వ్యాససంగ్రహం

పట్టణ స్థానిక సంస్థల సొంత ఆదాయంలో ఆస్తి పన్నుది ప్రధాన స్థానం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ పన్ను వార్షిక అద్దె విలువను వదిలి మూలధన విలువను ఆధారం చేసుకుంది. ఈ మార్పుతో పన్నును ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న కొత్త రూపం దాల్చింది. ఒకే రోజున నగరపాలక సంస్థలైన విజయనగరం, శ్రీకాకుళంలలో మొదటిదానికి 2021లో ఎన్నికైన పాలకవర్గం ఏర్పడింది. రెండవది 2010 తర్వాత ప్రత్యేకాధికారి పాలనలో సాగింది. ఈ రెండు నగరాలను ఉదాహరణగా తీసుకొని ఆస్తి పన్ను రేట్లు, మినహాయింపులు రూపొందే క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం. పన్నును నిర్ణయించే అంశాలలో అధిక భాగం పట్టణం వెలుపలే స్థిరపడుతున్నాయని, పట్టణానికి మిగిలిన కొద్దిపాటి నిర్ణయాధికారానికి ఎన్నికైన సభ అవసరం మరింత ఎక్కువని ఈ పరిశీలన తెలియజేస్తుంది.

కీలకపదాలు: ఆస్తి పన్ను, మూలధన విలువ, వార్షిక అద్దె విలువ, మినహాయింపులు, ప్రత్యేకాధికారి పాలన, విజయనగరం, శ్రీకాకుళం.

1. ఉపోద్ఘాతం

వ్యవహారంలో 'ఇంటి పన్ను' అని పిలిచే ఆస్తి పన్ను, పౌరుడికీ పట్టణ పాలనకూ మధ్య ఏటా నేరుగా జరిగే ఆర్థిక వ్యవహారం. ఆదాయపు పన్ను కొందరికే వర్తిస్తుంది. వస్తుసేవల పన్ను సరుకు ధరలో కలిసిపోయి కంటికి కనిపించదు. ఇంటి పన్ను మాత్రం ఇంటి యజమాని పేరుతో, అసెస్‌మెంట్ సంఖ్యతో, డిమాండు నోటీసు రూపంలో గడప దగ్గరకు వస్తుంది. వీధి దీపం వెలగకపోయినా, కాలువలో పూడిక తీయకపోయినా పౌరుడు మొదట గుర్తుచేసేది తాను కట్టిన ఇంటి పన్నునే. అందువల్ల ఈ పన్ను ఎంత ఉండాలన్నది ఎవరు, ఎలా నిర్ణయిస్తారన్న విషయం కేవలం గణాంక సమస్య కాదు, స్థానిక ప్రజాస్వామ్య సమస్య కూడా.

విజయనగరం 1888లో పురపాలక సంఘమైంది. శ్రీకాకుళానికీ పురపాలక సంఘంగా పందొమ్మిదవ శతాబ్దం నుంచి చరిత్ర ఉంది. 2011 జనగణన ప్రకారం విజయనగరం జనాభా సుమారు 2.28 లక్షలు, శ్రీకాకుళం జనాభా సుమారు 1.26 లక్షలు. ఈ రెండు పట్టణాలనూ 2015 డిసెంబరు 9న నగరపాలక సంస్థలుగా ఉన్నతీకరించారు. రెండూ జిల్లా కేంద్రాలే, రెండింటికీ వర్తించే చట్టం ఒకటే. తేడా పాలకవర్గం విషయంలో ఉంది. ఈ తేడాయే తులనాత్మక పరిశీలనకు వీలు కల్పిస్తోంది.

2. చట్టపరమైన పునాది

చట్టం ఆధారం లేకుండా ఏ పన్నూ విధించరాదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది. పట్టణ సంస్థలకు పన్ను విధించే అధికారం రాజ్యాంగం నుంచి నేరుగా లభించలేదు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ సవరణ ద్వారా చేరిన 243ఎక్స్ అధికరణం ప్రకారం, రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఆ అధికారాన్ని పట్టణ సంస్థలకు ఇవ్వవచ్చు. అంటే పట్టణం విధించే పన్నుకు మూలం శాసనసభ ఇచ్చిన అనుమతి. ఆ అనుమతికి పరిమితులు, షరతులు ఉంటాయి.

ఆంధ్రప్రదేశ్‌లో పురపాలక సంఘాలకు 1965 నాటి మున్సిపాలిటీల చట్టం వర్తిస్తుంది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, ఆమదాలవలస, ఇచ్ఛాపురం, పలాస–కాశీబుగ్గ వంటి పట్టణాలు దీని పరిధిలోనివి. విజయనగరం, శ్రీకాకుళం వంటి నగరపాలక సంస్థలకు 1955 నాటి హైదరాబాద్ కార్పొరేషన్ చట్ట నిబంధనలు 1994 చట్టం ద్వారా వర్తిస్తాయి. 1965 చట్టంలో 87వ సెక్షన్ పన్ను మదింపు విధానాన్ని, 88వ సెక్షన్ సాధారణ మినహాయింపులను తెలుపుతాయి. సాధారణ అవసరాలు, నీరు, మురుగు పారుదల, వీధి దీపాలు, పారిశుద్ధ్యం వంటి పద్దులు ఆస్తి పన్నులో భాగాలుగా ఉండడం ఈ చట్ట సంప్రదాయం. ఈ పద్దుల జాబితాయే పన్నుకూ సేవలకూ ఉన్న సంబంధాన్ని సూచిస్తుంది.

3. వార్షిక అద్దె విలువ పద్ధతి

బ్రిటిష్ పాలన నుంచి వచ్చిన పద్ధతిలో పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. ఇంటిని అద్దెకు ఇస్తే ఏడాదికి ఎంత రావచ్చో అంచనా వేసి, దానిలో నిర్ణీత శాతాన్ని పన్నుగా విధించేవారు. ఈ అంచనా చాలాకాలం పన్ను సిబ్బంది విచక్షణపై ఆధారపడింది. ఒకే వీధిలో ఒకే తీరుగా కట్టిన రెండు ఇళ్ళకు వేర్వేరు పన్నులు పడడం, వాటిపై వివాదాలు రావడం అనివార్యమైంది. అద్దె నియంత్రణ చట్టాలు ఉన్నచోట ప్రామాణిక అద్దెను మించి మదింపు చేయరాదని సుప్రీంకోర్టు దివాన్ దౌలత్ రాయ్ కపూర్ కేసులో తీర్పు చెప్పడంతో, అలాంటి ప్రాంతాలలో పన్ను ఆధారం గడ్డకట్టిపోయింది.

ఈ పరిస్థితిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1990లో మదింపు నియమావళిని తెచ్చింది. పౌర సౌకర్యాలను బట్టి పట్టణాన్ని జోన్లుగా విభజించడం, ప్రతి జోన్‌లో నిర్మాణ రకాన్ని, వినియోగాన్ని బట్టి చదరపు మీటరుకు నెలసరి అద్దె విలువను ప్రకటించడం, ఆ విలువను ప్లింత్ వైశాల్యంతో గుణించడం ఇందులోని ముఖ్యాంశాలు. భవనం వయస్సును బట్టి 25 ఏళ్ళ వరకు 10 శాతం, 40 ఏళ్ళ వరకు 20 శాతం, ఆపైన 30 శాతం తగ్గింపు ఉండేది. యజమాని స్వయంగా నివసించే ఇంటికి వయస్సు తగ్గింపుతో కలిపి 40 శాతం రాయితీ ఇచ్చేవారు. విస్తీర్ణం ఆధారంగా మదింపు చేసే పద్ధతికి దేశంలో తరచూ ఉదాహరణగా చెప్పే పాట్నా సంస్కరణ 1993 నాటిది. ఆంధ్రప్రదేశ్ నియమావళి దానికంటే ముందుదన్న విషయం గమనార్హం.

పెంకుటిల్లుకు ఒక విలువ, ఆర్.సి.సి. కప్పుకు మరొక విలువ, ప్రధాన రహదారికి ఒక జోన్, లోపలి వీధులకు మరొక జోన్ ఉండడం వల్ల యజమాని తన పన్నును తానే లెక్కించి చూసుకోగలిగేవాడు. అయితే ఐదేళ్ళకొకసారి జరగవలసిన సాధారణ సవరణ సక్రమంగా సాగలేదు. నివాస భవనాలకు 2002 తర్వాత, నివాసేతర భవనాలకు 2007 తర్వాత సవరణ జరగలేదు. పాత భవనాల పన్ను నిలిచిపోగా పట్టణ వ్యయం పెరుగుతూ వచ్చింది. రాజకీయంగా అప్రియమైన నిర్ణయాన్ని వాయిదా వేయడం వల్ల ఏర్పడిన ఈ అంతరమే తర్వాతి పెద్ద మార్పుకు నేపథ్యం.

4. మూలధన విలువ పద్ధతి

4.1. మార్పుకు దారితీసిన పరిస్థితులు

ఈ మార్పు ఏ పురపాలక సంఘమో కోరితే వచ్చినది కాదు. 2020 మేలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాల రుణ పరిమితిని స్థూల రాష్ట్రోత్పత్తిలో 2 శాతం మేర పెంచుతూ, అందులో కొంత భాగాన్ని నాలుగు సంస్కరణలకు ముడిపెట్టింది. వాటిలో పట్టణ సంస్థల సంస్కరణ ఒకటి. రిజిస్ట్రేషన్ మార్గదర్శక విలువలకు అనుగుణంగా ఆస్తి పన్ను కనీస రేట్లను, నీటి సరఫరా, మురుగు పారుదల సేవల కనీస రుసుములను ప్రకటించాలన్నది షరతు. దీనిని దేశంలో మొదట నెరవేర్చిన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. దాని ఫలితంగా ఆంధ్రప్రదేశ్‌కు రూ.2,525 కోట్ల అదనపు రుణానికి అనుమతి లభించింది. పట్టణ సంస్థలకు గ్రాంట్లు అందాలంటే ఆస్తి పన్ను కనీస రేట్లను ప్రకటించి, ఆపై రాష్ట్రోత్పత్తి వృద్ధికి తగినట్లు వసూళ్ళు పెంచాలని 15వ ఆర్థిక సంఘం కూడా షరతు పెట్టింది.

రాష్ట్ర ప్రభుత్వం 2020లో మున్సిపల్ చట్టాలను సవరించి, అదే ఏడాది నవంబరు 24న జి.ఓ. 198 ద్వారా నియమాలను జారీ చేసింది. నివాస భవనాలకు మూలధన విలువలో 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను ఉండవచ్చని ఆ నియమాలు తెలిపాయి. ఈ ఉత్తర్వుపై రాష్ట్రమంతటా పౌర సంఘాలు, ప్రతిపక్షాలు ఆందోళనలు చేశాయి. పెంపు పాత పన్నుపై 15 శాతానికి మించదని ప్రభుత్వం హామీ ఇచ్చింది.

4.2. విలువ ఎక్కడ నిర్ణయమవుతుంది?

మూలధన విలువ అంటే స్థలం విలువ, దానిపై ఉన్న కట్టడం విలువల మొత్తం. రెండింటికీ ఆధారం రిజిస్ట్రేషన్ల శాఖ ప్రకటించే మార్కెట్ విలువలు. 1998 నాటి మార్గదర్శక నియమాల ప్రకారం ఈ విలువలను సవరించే పట్టణ కమిటీకి జాయింట్ కలెక్టరు అధ్యక్షత వహిస్తారు. సబ్‌రిజిస్ట్రారు కన్వీనరు. మున్సిపల్ కమిషనరుకు అందులో సభ్యత్వం ఉన్నా, ఎన్నికైన పాలకవర్గానికి నిర్ణయంలో పాత్ర లేదు. ఈ విలువల అసలు ప్రయోజనం స్టాంపు డ్యూటీ వసూలు. ఆస్తి అమ్మినప్పుడు ఒక్కసారి చెల్లించే సుంకానికి ఉద్దేశించిన విలువ, ఆస్తిని అమ్మే ఆలోచనే లేని కుటుంబం ఏటా కట్టే పన్నుకు కొలమానమైంది.

4.3. ఒక ఊహాజనిత ఉదాహరణ

రెండు పద్ధతుల తేడా ఒక ఊహాజనిత ఉదాహరణతో తేటపడుతుంది. 100 చదరపు మీటర్ల ప్లింత్ వైశాల్యం గల ఇంట్లో యజమానే నివసిస్తున్నారనుకుందాం. చదరపు మీటరుకు నెలకు రూ.10 చొప్పున వార్షిక అద్దె విలువ రూ.12,000. 40 శాతం రాయితీ పోగా రూ.7,200. పన్ను 20 శాతమైతే ఏడాదికి రూ.1,440.

అదే ఇంటి మూలధన విలువ రూ.18 లక్షలు, రేటు 0.13 శాతం అయితే పన్ను రూ.2,340. ఇది పాత పన్నుకంటే 62.5 శాతం ఎక్కువ. 15 శాతం పరిమితి వల్ల ఈ భారం ఒకేసారి పడదు. మొదటి ఏడాది రూ.1,656, రెండవ ఏడాది రూ.1,904, మూడవ ఏడాది రూ.2,190 అయి, నాలుగవ ఏట రూ.2,340 వద్ద ఆగుతుంది. పరిమితి పెంపును ఆపదు, పెంపును వాయిదాలలోకి మారుస్తుంది. కొత్త పన్ను బాగా ఎక్కువగా ఉండే ఆస్తి విషయంలో ఏటా 15 శాతం చొప్పున పెరిగే మొత్తం ఐదేళ్ళలో రెట్టింపవుతుంది. 'పదిహేను శాతమే' అన్న మాటను విన్న పౌరుడు దానిని ఒక్కసారి పెంపుగా భావించడం, మరుసటి ఏడాది నోటీసు చూసి విస్తుపోవడం ఈ అస్పష్టత నుంచి పుట్టినవే.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ విలువ 15 శాతం పెరిగిందనుకుందాం. ఇంటి విలువ రూ.20.70 లక్షలవుతుంది. పాలకవర్గం రేటును ముట్టుకోకపోయినా 0.13 శాతం లెక్కన పన్ను రూ.2,691 అవుతుంది. పన్ను పాత స్థాయిలో నిలవాలంటే రేటును సుమారు 0.113 శాతానికి తగ్గిస్తూ తీర్మానం చేయాలి. పాత పద్ధతిలో పాలకులు నిర్ణయం తీసుకోకపోతే పన్ను నిలిచిపోయేది. కొత్త పద్ధతిలో నిర్ణయం తీసుకోకపోతే పన్ను పెరుగుతుంది. ఈ వ్యాసం దృష్టిలో 2021 మార్పులోని అతి ముఖ్యమైన అంశం ఇదే. రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1 నుంచి మార్కెట్ విలువలను సవరించిన నేపథ్యంలో ఈ అంశానికి ఆచరణలోనూ ప్రాధాన్యం ఉంది.

5. రేటు నిర్ణయ ప్రక్రియ

ప్రభుత్వం ఇచ్చిన కనిష్ఠ, గరిష్ఠ పరిమితుల మధ్య ఒక రేటును ఎంచుకోవడం స్థానిక సంస్థ చేసే పని. కొత్త పన్ను విధించేటప్పుడు లేదా ఉన్న రేటును పెంచేటప్పుడు ముసాయిదా ప్రకటన, అభ్యంతరాల స్వీకరణ, పరిశీలన, తుది తీర్మానం అనే దశలు ఉంటాయి. 2021లో రాష్ట్రంలోని నగరపాలక సంస్థలు ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలకు 30 రోజుల గడువిచ్చాయి.

రేటు ఖరారయ్యాక ఒక్కొక్క ఆస్తి మదింపు జరుగుతుంది. కొత్త భవనానికైనా, అదనపు అంతస్తుకైనా కొలతలు తీసి ప్రత్యేక నోటీసు ఇస్తారు. మదింపు సరిగా లేదని భావించిన యజమాని గడువులోగా రివిజన్ పిటిషన్ దాఖలు చేయవచ్చు. ఇక్కడ రెండు రకాల అభ్యంతరాలను వేరు చేసి చూడాలి. 'మా ఇంటి కొలత తప్పు, కింది భాగంలో దుకాణం లేదు' అన్నది మదింపుపై అభ్యంతరం. దీనిని అధికారి రికార్డు చూసి పరిష్కరించగలరు. 'ఈ రేటు ఈ పట్టణ ప్రజలు మోయగలిగినది కాదు' అన్నది విధానంపై అభ్యంతరం. దీనికి సమాధానం ప్రజాప్రతినిధుల చర్చలో రావాలి తప్ప కొలతల పుస్తకంలో దొరకదు.

అనుమతి లేని లేదా అనుమతిని అతిక్రమించిన కట్టడాలపై అతిక్రమణ తీవ్రతను బట్టి పన్నుకు అదనంగా 25 నుంచి 100 శాతం వరకు జరిమానా పడుతుంది. ఈ చెల్లింపు ఆ కట్టడాన్ని క్రమబద్ధం చేయదు. పన్ను రసీదు యాజమాన్య హక్కును నిరూపించదన్నది కూడా న్యాయస్థానాలు పలుమార్లు స్పష్టం చేసిన సూత్రం.

6. రెండు నగరాలు – రెండు అనుభవాలు

నగరపాలక సంస్థ అయిన తర్వాత విజయనగరంలో తొలి ఎన్నికలు 2021 మార్చి 10న 50 డివిజన్లకు జరిగాయి. మార్చి 18న మేయరు ఎన్నిక పూర్తయింది. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువ పద్ధతి వర్తించింది. అంటే తొలి పాలకవర్గం కొలువుదీరిన రెండు వారాలకే పన్ను స్వరూపం మారింది. దానిని మార్చిన నియమాలు ఆ పాలకవర్గం ఏర్పడడానికి దాదాపు నాలుగు నెలల ముందే వెలువడ్డాయి. కనీస రేటును, విలువ ఆధారాన్ని, పెంపు పరిమితిని చర్చించే అవకాశం ఆ సభకు లేదు. నిర్ణీత పరిధిలో ఒక రేటును ఎంచుకోవడమే దానికి మిగిలిన పని. అయినా డివిజను కార్పొరేటరు ఉన్నందువల్ల పౌరుడికి తన అభ్యంతరాన్ని సభాముఖంగా వినిపించే మార్గం ఒకటి ఉంది. ప్రతిపక్ష సభ్యుల సంఖ్య తక్కువైనా, చర్చ సమావేశ మినిట్స్‌లో నమోదవుతుంది. ఓటు వేసినవారు తమ ప్రతినిధి ఏ పక్షాన నిలిచారో తెలుసుకోగలరు.

శ్రీకాకుళం పరిస్థితి వేరు. అక్కడి పురపాలక సంఘ పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. 2014లో రాష్ట్రవ్యాప్తంగా పురపాలక ఎన్నికలు జరిగినప్పుడుగాని, 2021లోగాని శ్రీకాకుళంలో ఎన్నిక జరగలేదు. పరిసర పంచాయతీల విలీనంపై ఏర్పడిన న్యాయవివాదాలు ఇందుకు ప్రధాన కారణం. ఆమదాలవలస, రాజాం పట్టణాలలో కూడా 2021లో ఎన్నికలు జరగలేదు. ఇటువంటి చోట్ల పాలకవర్గం అధికారాలను ప్రత్యేకాధికారి వినియోగిస్తారు. శ్రీకాకుళంలో ఆ బాధ్యత జిల్లా కలెక్టరుకు దక్కింది.

దీని ఫలితం పన్ను విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ముసాయిదా, అభ్యంతరాలు, తుది తీర్మానం అనే దశలన్నీ చట్టరీత్యా జరుగుతాయి. అయితే ముసాయిదాను ప్రతిపాదించే యంత్రాంగం, అభ్యంతరాలను పరిశీలించే యంత్రాంగం, తీర్మానాన్ని ఆమోదించే అధికారి అందరూ ఒకే పరిపాలనా శ్రేణికి చెందినవారే. రిజిస్ట్రేషన్ విలువల కమిటీకి అధ్యక్షత వహించే జాయింట్ కలెక్టరు కూడా ఆ శ్రేణిలోనివారే. అధికారులు నిజాయితీగా, సమర్థంగా పనిచేయవచ్చు. అయినా విలువను, రేటును, అభ్యంతరంపై తీర్పును ఒకే శ్రేణి నిర్ణయించడం 74వ సవరణ స్ఫూర్తికి అనుగుణం కాదు. పాలకవర్గం గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలని 243యు అధికరణం నిర్దేశిస్తోంది.

విలీన వివాదంలోనూ పన్ను పాత్ర ఉంది. పంచాయతీలో ఇంటి పన్నుకు 1994 పంచాయతీరాజ్ చట్టం వర్తిస్తుంది. విలీనంతో పట్టణ పన్ను, ఖాళీ స్థలాల పన్ను వర్తిస్తాయి. సేవలు పట్టణ స్థాయికి చేరకముందే పన్ను పట్టణ స్థాయికి చేరుతుందన్న భయం నగర అంచు గ్రామాలలో సహజం. విలీనం జరగనిదే ఎన్నిక లేదు, పన్ను భయం తీరనిదే విలీనానికి సమ్మతి లేదు. ఈ వలయం తెగకపోవడం వల్ల దాని భారం నగరం మొత్తంపై ప్రాతినిధ్య లేమి రూపంలో పడింది.

7. మినహాయింపులు

7.1. సాధారణ మినహాయింపులు

ప్రజలందరి ఆరాధనకు ప్రత్యేకించిన స్థలాలు, అద్దె తీసుకోని సత్రాలు, విద్యా ప్రయోజనాలకు వాడే భవనాలు, ప్రజలకు తెరిచి ఉంచిన గ్రంథాలయాలు, ఆటస్థలాలు, రక్షిత ప్రాచీన కట్టడాలు, ధర్మాసుపత్రులు, శ్మశానాలు వంటివాటికి చట్టం మినహాయింపు ఇస్తుంది. ఇక్కడ గీటురాయి యజమాని ఎవరన్నది కాదు, వినియోగం ఏమిటన్నది. విజయనగరం పైడితల్లి అమ్మవారి ఆలయం, శ్రీకాకుళం అరసవల్లి సూర్యనారాయణ స్వామి ఆలయం వంటి క్షేత్రాలలో గర్భాలయానికీ మండపానికీ వర్తించే సూత్రం, ఏ దేవస్థానమైనా అద్దెకు ఇచ్చే దుకాణాల సముదాయానికి వర్తించదు. ధర్మసంస్థలకు, విద్యాసంస్థలకు విస్తారమైన ఆస్తులున్న విజయనగరం వంటి పూర్వ సంస్థాన పట్టణంలో ఈ విభజన రేఖ ఆదాయాన్ని గణనీయంగా ప్రభావితం చేయగలదు.

7.2. చిన్న ఇళ్ళు

మూలధన విలువ నియమాలలో, యజమాని నివసించే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి రూ.50 నామమాత్రపు పన్ను నిర్ణయించారు. తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టంలో 75 చదరపు గజాల లోపు స్థలంలోని చిన్న ఇళ్ళకు రూ.100 పన్ను ఉండడం దీనితో పోల్చదగినది. పూర్తి మినహాయింపుకు బదులు నామమాత్రపు పన్ను ఉంచడంలో ఒక ప్రయోజనం ఉంది. ఆ ఇల్లు పన్ను జాబితాలో ఉంటుంది, కుటుంబానికి చిరునామా ఆధారం దొరుకుతుంది. అయితే 375 అడుగుల హద్దు దాటిన వెంటనే పూర్తి రేటు వర్తించడం వల్ల, పెద్దవాళ్ళ కోసం ఒక గది వేసుకున్న పేద కుటుంబం ఒక్కసారిగా మరో శ్రేణిలోకి వెళ్తుంది. మెట్లుమెట్లుగా పెరిగే ఏర్పాటు ఇక్కడ అవసరం.

7.3. ఖాళీ ఇళ్ళు, దెబ్బతిన్న ఇళ్ళు

ఎవరూ నివసించక ఖాళీగా ఉన్న భవనానికి, ముందుగా తెలియజేస్తే, పన్నులో సగానికి మించకుండా తగ్గింపు పొందే అవకాశం ఉంది. ఉపాధి కోసం విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై వంటి నగరాలకు కుటుంబాలతో వలస వెళ్ళేవారు అధికంగా ఉన్న ఉత్తరాంధ్రలో, నెలల తరబడి తాళం వేసి ఉండే ఇళ్ళకు ఈ నిబంధన ఉపయోగపడాలి. వలస వెళ్ళే కుటుంబం ముందుగా దరఖాస్తు చేయడం మాత్రం ఆచరణలో కష్టం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులను చూసిన ఈ తీరంలో, కూలిన ఇళ్ళకు దరఖాస్తుతో పనిలేకుండా నష్ట గణన జాబితా ఆధారంగానే పన్ను తగ్గించే ఏర్పాటు ఆలోచించదగినది.

7.4. ప్రభుత్వ ఆస్తులు

285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు స్థానిక పన్ను వర్తించదు. విజయనగరం, పలాస, ఆమదాలవలస వంటి రైల్వే ప్రధాన పట్టణాలలో ఇది చిన్న విషయం కాదు. ఇటువంటి ఆస్తులకు పొందే సేవల స్థాయిని బట్టి ఆస్తి పన్నులో 75, 50 లేదా 33.33 శాతం సేవా రుసుము చెల్లించే ఏర్పాటును 2009లో రాజ్‌కోట్ కేసులో సుప్రీంకోర్టు నమోదు చేసింది. ఆ రుసుము రాబట్టడం స్థానిక సంస్థ చొరవపై ఆధారపడుతుంది.

7.5. రాయితీలు, వడ్డీ, గ్రంథాలయ సెస్సు

ఏడాది మొత్తం పన్నును ఏప్రిల్ 30లోగా చెల్లిస్తే 5 శాతం రాయితీ లభిస్తుంది. మొదటి అర్ధ సంవత్సర పన్నుకు జూన్ 30, రెండవదానికి డిసెంబరు 31 గడువు. దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. 2025 మార్చిలో బకాయిలపై వడ్డీలో 50 శాతం తగ్గిస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఇటువంటి తగ్గింపులు బకాయిలను రాబట్టినా, గడువులోగా కట్టినవారికి ప్రతికూల సంకేతమిస్తాయి. నష్టపోయే ఆదాయం పట్టణానిదైనా నిర్ణయం రాష్ట్రానిది.

ఆస్తి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసిన సొమ్ము. పట్టణ సంస్థ ఇక్కడ వసూలుదారు మాత్రమే. ఈ సెస్సు జమలో జాప్యం జరిగితే నష్టపోయేది శాఖా గ్రంథాలయానికి వచ్చే పాఠకుడు.

8. ఇతర దేశాల అనుభవం

అమెరికాలోని పట్టణాలలో సాధారణంగా ముందుగా బడ్జెట్ నిర్ణయించి, ఆస్తి పన్ను ద్వారా రావలసిన మొత్తాన్ని తేల్చి, దానిని పట్టణ ఆస్తుల మొత్తం విలువతో భాగించి రేటును లెక్కిస్తారు. విలువలు పెరిగితే అదే ఆదాయానికి రేటు తగ్గుతుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 1980లో ప్రజలు ఆమోదించిన చట్టం, కొత్త నిర్మాణాలను మినహాయించి, పట్టణం వసూలు చేసే మొత్తం పన్ను ఏటా 2.5 శాతానికి మించి పెరగరాదని నిర్దేశించింది. టెక్సాస్‌లో విలువలు మారినప్పుడు పాత ఆదాయాన్నే తెచ్చే రేటు ఎంతో లెక్కకట్టి బహిరంగంగా ప్రకటించాలి. దానికి మించిన రేటు కావాలంటే బహిరంగ విచారణ జరపాలి.

ఆంధ్రప్రదేశ్ పద్ధతితో పోల్చినప్పుడు రెండు తేడాలు కనిపిస్తాయి. మొదటిది, అక్కడ పరిమితి పట్టణం మొత్తం వసూలుపై ఉంటే ఇక్కడ ఒక్కొక్క ఇంటి పెంపుపై ఉంది. ఒక్కొక్క ఇంటిపై పరిమితి ఆ కుటుంబాన్ని ఆకస్మిక భారం నుంచి కాపాడుతుంది, కాని పట్టణానికి ఎంత ఆదాయం అవసరమన్న ప్రశ్నను అడగదు. రెండవది, అక్కడ రేటు బడ్జెట్ నుంచి పుడుతుంది. ఇక్కడ రేటు ప్రభుత్వం ఇచ్చిన పరిధి నుంచి పుడుతుంది, బడ్జెట్ ఆ తర్వాత వస్తుంది. అక్కడి పద్ధతిని ఇక్కడ యథాతథంగా తేవడం సాధ్యం కాకపోవచ్చు. పాత ఆదాయాన్నే తెచ్చే రేటును ప్రకటించే ఏర్పాటుకు మాత్రం పెద్ద ఖర్చు అవసరం లేదు. అందుకు కావలసిన వివరాలన్నీ పట్టణ సంస్థల కంప్యూటర్ రికార్డులలోనే ఉంటాయి.

9. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ఆస్తి పన్నును నిర్ణయించే అంశాలలో విలువ రిజిస్ట్రేషన్ల శాఖది. రేటు పరిధి, పెంపు పరిమితి, ప్రధాన మినహాయింపులు రాష్ట్ర ప్రభుత్వానివి. సంస్కరణకు ప్రేరణ కేంద్ర రుణ, గ్రాంటు షరతులది. పరిధిలో ఒక రేటును ఎంచుకోవడం, మదింపు, వసూలు పట్టణానికి మిగిలినవి.

2. ఏళ్ళ తరబడి సవరణ లేకపోవడం పట్టణ ఆదాయానికి హాని చేసింది. మూలధన విలువ పద్ధతి ఆ స్తంభనను తొలగించింది. అదే సమయంలో, తీర్మానం లేకుండానే పన్ను పెరిగే స్థితిని కల్పించింది.

3. 15 శాతం పరిమితి ఒక్కసారి పెంపు కాదన్న విషయాన్ని, ఒక్కొక్క ఆస్తి పన్ను ఏ ఏడాది ఏ మొత్తం వద్ద స్థిరపడుతుందన్న వివరాన్ని డిమాండు నోటీసులోనే ముద్రించడం అవసరం.

4. రిజిస్ట్రేషన్ విలువలు మారిన ప్రతిసారీ పాత ఆదాయాన్ని తెచ్చే రేటును ప్రకటించి, దానిని మించే రేటుకు సభలో విడిగా తీర్మానం చేయాలన్న నియమం స్థానిక బాధ్యతను తిరిగి నెలకొల్పగలదు.

5. ఎన్నికైన సభ లేని పట్టణంలో విధానపరమైన అభ్యంతరానికి వేదిక ఉండదు. ప్రత్యేకాధికారి పాలన కొనసాగినంత కాలం వార్డుల వారీగా బహిరంగ విచారణలు జరిపి, అభ్యంతరాలను, వాటికి ఇచ్చిన సమాధానాలను ప్రచురించడం కనీస ప్రత్యామ్నాయం. సకాలంలో ఎన్నికలు జరపడమే శాశ్వత పరిష్కారం.

విజయనగరం పౌరుడూ శ్రీకాకుళం పౌరుడూ ఒకే చట్టం కింద, ఒకే పద్ధతిలో పన్ను కడుతున్నారు. ఇద్దరి నోటీసులలోని అంకెలకూ పెద్ద తేడా లేకపోవచ్చు. ఆ అంకె ఎందుకంత ఉందని అడిగేందుకు ఒకరికి డివిజను ప్రతినిధి దొరికాడు, మరొకరికి దొరకలేదు. ఆస్తి పన్ను సంస్కరణల చర్చలో వసూలైన మొత్తాలతోపాటు ఈ తేడాను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.